రోడ్డు పక్క మడిలో గడ్డి

మా అమ్మగారింట్లో ఏది పండించినా అది మధ్యాహ్నానికి వాడిపోయేదే. తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, అంచుల వెంట కనకాంబరాలు. మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఊరు మాది. మా మళ్ల గట్టు మీద నిలబడితే పట్నం బస్సుల హారన్లు వినబడేవి. తెల్లవారక ముందే అమ్మ కూర కోసి, కట్టలు కట్టి, నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టేది. నాయిన దాన్ని మోపెడ్ వెనక కట్టుకొని, రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకొని బయల్దేరేవాడు. నేను ముఖం కడుక్కొని చాయ్ తాగే సరికి మా కూర పట్నంలో ఎవరింట్లోనో పొయ్యి మీద ఉండేది. అందువల్ల పెళ్లయ్యేదాకా వ్యవసాయం అంటే పరుగు అనే అనుకున్నాను. నింపాదిగా చేసే వ్యవసాయం కూడా ఒకటుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నా పెళ్లయింది. అత్తగారి ఊరికి పోవాలంటే దేవరకొండ దాటి గుట్టల వైపు చాలా దూరం వెళ్లాలి. డాంబర్ రోడ్డు ఆ ఊరికి ముందున్న ఊళ్లోనే ఆగిపోయేది. అక్కడి నుంచి బండ్లబాట. వానాకాలంలో అది బాటో వాగో చెప్పడం కష్టం. కాపురానికి వచ్చిన రోజు సామాను దించుతూ చూశాను. ఇంటి మూలన ఆముదాల బస్తాలు, వాటి మీద వేలుతో పేరు రాయగలిగినంత దుమ్ము. ఎప్పటివని అడిగితే పోయిన పంటవి అన్నారు. ఎవరిదైనా ట్రాక్టర్ దేవరకొండ పోయినప్పుడు వేసి పంపుతారట. నాకు నవ్వాగలేదు. ఈ బస్తాలు చూస్తే మా అమ్మకు గుండె ఆగిపోతుందని అనేశాను. కొత్త కోడలు అడుగుపెట్టీ పెట్టకముందే నోరు విప్పిందని మా ఆయన కంగారుపడ్డాడు. మామ మాత్రం నాకంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆ ఇంట్లో నాకు ధైర్యం వచ్చింది.

అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో మేం ముగ్గురమే. మా ఆయన వానకు పండే చెలకలు దున్నేవాడు, మామ గొర్లు కాసేవాడు. పొద్దున గొంగడి భుజాన వేసుకొని మందను తోలుకొని గుట్ట కింది బీటికి పోతే మళ్లీ పొద్దుగూకే వేళకే రావడం. మాటల మనిషి కాదు. గొర్లతో మాత్రం రోజంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు.

నిజానికి మా రెండు కుటుంబాలదీ ఒకటే కులం, పశువులు పెంచే ఒకటే వృత్తి. ముందటి తరంలో ఎవరో పట్నం పక్కకు పోయి స్థిరపడ్డారు, ఎవరో గుట్టల పక్కన ఉండిపోయారు. పట్నం పక్క వాళ్లకు బర్లు, గుట్టల పక్క వాళ్లకు గొర్లు. ఇక్కడ మంచి మేత ఉంది కదా, బర్లు ఎందుకు పెంచరని మామను అడిగాను. కొత్తలో నా ప్రశ్నలన్నీ ఇలా సలహాల్లాగే ఉండేవి.

"పాలు గంత దూరం పోతె ఇరుగుతయి బిడ్డా," అన్నాడు. "గొర్రెకైతె కాళ్లున్నయి."

ఆ మాట విన్నాక నేను ఊరి భూములను వేరేగా చూడటం మొదలుపెట్టాను. ఇంటి వెనక చిక్కుడు పందిరి, నాలుగు మిరప చెట్లు. అవి మేం తినడానికి. బావి కింద కొంచెం వరి, అదీ మాకే. తర్వాత చెలకల్లో ఆముదాలు, కందులు, ఉలువలు. బస్తాలో పడితే నెలలు గడిచినా చెడిపోనివి. వాటన్నిటికీ ఆవల, రాళ్లు తేలిన ఎర్రనేల బీడు. అక్కడ పండేదల్లా గొర్రే. అంగడి దూరంలో ఉందని ఎవరూ కూర్చొని ఆలోచించి ఇలా విభజించలేదు. వాడిపోయేదాన్ని వేసి ఏడ్చినవాళ్లు మళ్లీ వేయలేదు, అంతే.

నేనూ ఏడ్చాను. తప్పించుకోలేదు. వచ్చిన మొదటి చలికాలం బావి పక్కన చిన్న మడి చేసి కొత్తిమీర, పాలకూర వేశాను. మా అమ్మ చేతి విత్తనం. ఆ నేలకు అంతకుముందు ఆకుకూర రుచి తెలియదేమో, విరగబడి వచ్చింది. ఊరి ఆడవాళ్లు చూడటానికి వచ్చి, చూసి, తలా ఒక పిడికెడు కోసుకొని వెళ్లారు. అమ్ముతానంటే నవ్వారు. పక్కింటికి కూర అమ్ముతారా ఎవరైనా అన్నారు. అయితే దేవరకొండ తీసుకుపోతానని నేను పంతం పట్టాను. మా అమ్మ చేసినట్టే తెల్లవారక ముందు కోసి, కట్టలు కట్టి, తడి సంచిలో చుట్టాను. మా ఆయన సైకిల్ మీద పెట్టుకొని డాంబర్ రోడ్డు దాకా నడిపించాడు, వెనక నేను. ఆ రోజు బస్సు రాలేదు. జీపు దొరికింది గానీ మనుషులు నిండితే తప్ప కదలనన్నాడు డ్రైవర్. మేం దేవరకొండలో దిగేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. కూరగాయలమ్మే ఆడవాళ్లు గంపలు సర్దుకొని అన్నాలు తింటున్నారు. నా కట్టలు తలలు వాల్చేశాయి. ఒకామె ఒక కట్ట చేతిలోకి తీసుకొని, నా ముఖం చూసి, మళ్లీ సంచిలో పెట్టింది.

అవతల పారేయమన్నాడు మా ఆయన. మా అమ్మగారింట్లో కూర పారేయడం తెలియదు. అందుకని నేను ఆ సంచిని మళ్లీ ఊరికి మోసుకొచ్చాను. ఊళ్లో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకొని నవ్వుతారు, దేవరకొండ చూపించి తీసుకొచ్చిన కొత్తిమీర అని. ఆ సాయంత్రం నవ్వడానికి నాకు ఓపిక లేదు. గొర్ల దొడ్డి వెనక కూర్చొని ముక్కు చీదుకుంటుంటే మామ వచ్చాడు. నా పక్కన గొంతుకూర్చొని, సంచిలోంచి ఒక్కో కట్ట తీసి, నార విప్పి, గొర్ల ముందు పరిచాడు. ఒక్కసారిగా కుమ్మరించలేదు. పండగ పూట బంధువులకు వడ్డించినట్టు తీరిగ్గా వడ్డించాడు.

"ఊకో బిడ్డా," అన్నాడు. "గిది ఎటూ పోలె. గొర్ల కడుపుల పడ్డది. రేపు గదే నడుసుకుంట అంగడికి పోతది."

ఏడుస్తూనే నవ్వాను. నాకు పుట్టింట్లో నాయిన ఉన్నాడు, మంచివాడే. అయినా ఆ రోజు నుంచి నాకు ఇద్దరు నాయినలు.

ఇంకో మాట కూడా ఆ సాయంత్రమే అన్నాడు. ఇంటి ముందర, బండ్లబాటను ఆనుకొని మాకొక మడి ఉంది. చిన్నదే గానీ ఊళ్లో అంతటి నేల లేదు. బావి నీళ్లు దానికే ముందు అందుతాయి. రోడ్డు వచ్చిన నాడు ఆ మడి నీదేనని, నీ కూరలు నువ్వు వేసుకో, ఎవరూ అడ్డం రారని మాట ఇచ్చాడు. నేను ఆ మాటను ముడి వేసి దాచుకున్నాను. ఆ తర్వాత ఎన్నేళ్లు రోడ్డు కోసం కాచుకున్నానో! ఎవరు ఓట్లకు వచ్చినా నేను ముందు నిలబడి రోడ్డు సంగతి అడిగేదాన్ని. కోడలికి ముక్కు మీద కోపమని పేరు వచ్చింది. రానీ అనుకున్నాను.

ఆ రోడ్డు లేని కాలాన్ని తిట్టుకుంటూనే గడిపాను గానీ, అందులో నాకు ఇష్టమైనది ఒకటుంది. కోతలయ్యాక మామ మందను చెలకల్లో పడుకోబెట్టమని రైతులు ఇంటికి వచ్చి పిలిచేవాళ్లు. ఒక్కో రాత్రి ఒక్కో చెలక. తడికలు కట్టి మందను అందులో నిలిపితే, పొద్దున్నకి ఆ నేలకు కావాల్సిన ఎరువంతా పడి ఉండేది. పిలిచినవాళ్లు జొన్నలో కందులో కొలిచి ఇచ్చేవాళ్లు, మామకు భోజనం పెట్టేవాళ్లు. మందను ముందు మా చెలకకే తోలాలని అన్నదమ్ములు పోట్లాడుకోవడం కూడా చూశాను. మరుసటి ఏడాది పైరు నల్లగా, ఏపుగా లేస్తే మామ దారిన పోతూ ఆగి చూసేవాడు. గొర్లు ఎక్కడెక్కడ పడుకున్నాయో ఆ పైరు రంగును బట్టి నాకు చూపించేవాడు. ఆయన ఎక్కువ మాట్లాడేది అప్పుడే.

చివరికి రోడ్డు వచ్చింది. కంకర పోసిన రోజు నేను పాయసం వండాను. మా పాప అప్పటికి నడక నేర్చింది, రోడ్డు మీద తారు పోసే బండి వెనక పరిగెత్తబోతే మామ ఎత్తుకొని నిలబడ్డాడు. డాంబర్ ఆరీ ఆరకముందే దేవరకొండ నుంచి ట్రాలీ ఆటో తెల్లారేసరికి మా ఊరికి రావడం మొదలైంది. నేను మడిలో కొత్తిమీర, మెంతికూర వేశాను. మొదటి కోత రోజు గంపను మామే ఎత్తుకొని ఆటోలో పెట్టాడు. మంచు ఆరకముందే నా కూర దేవరకొండలో దిగింది. ఎండెక్కే సరికి ఖాళీ గంప తిరిగొచ్చింది. ఆ గంపను చూసి నేను పడ్డ సంతోషం చెబితే చిన్నతనంగా ఉంటుంది గానీ చెబుతాను. దాన్ని కడగకుండా రోజంతా గుమ్మం దగ్గరే పెట్టుకున్నాను.

నేనొక్కదాన్నే కాదు, ఊరంతా మారింది. రెండు పంటలు తిరిగేసరికి ఆముదాలు కనబడకుండా పోయాయి. రోడ్డు వెంట టమాట, వంకాయ వచ్చాయి. వాటి వెనక పత్తి. బోర్లు పడ్డవాళ్లు బత్తాయి మొక్కలు తెచ్చి నాటారు. చుట్టూ రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగారు. ఇంతకుముందు కోతలయ్యాక చెలకలన్నీ ఖాళీగా, అందరివిగా ఉండేవి. ఇప్పుడు ఏ నేలా ఖాళీగా లేదు. మందను పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. ఎరువు బస్తా ఇంటి ముందుకే వస్తుంటే గొర్ల కోసం ఎవరు కాచుకుంటారు? మామ మందను తోలుకుపోయే దారి ఏటేటా సన్నబడింది. కడీల మధ్య నుంచి గొర్లను ఒక వరుసలో నడిపించుకుంటూ, గుట్ట కింది మా సొంత బీటికే పోయేవాడు. ఇంక ఆయనకు మిగిలింది అదొక్కటే.

మా అమ్మగారి ఊళ్లో ఈ వరస ఇంకో మెట్టు ముందుకు పోయింది. పట్నం మా మళ్ల దాకా వచ్చేసింది. మేం కౌలుకు చేసుకునే నేలలో తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. ఒక జన్మంతా పట్నానికి కొత్తిమీర పంపిన మా అమ్మ ఇప్పుడు వీధిలోకి వచ్చే తోపుడుబండి దగ్గర కొత్తిమీర కొంటుంది. కట్ట విప్పి చూసి, ఇది నిన్నటిదని బండివాడితో పోట్లాడుతుంది. అది ఫోన్లో వింటే నాకు నవ్వు వస్తుంది.

బీట్లో బత్తాయి వేద్దామని మా ఆయన అన్నది ఆ రోజుల్లోనే. గుట్ట కింద బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. ఆయన్ను తప్పు పట్టలేను. రోడ్డు ఉంది, కాయ కొనేవాళ్లు తోటలోకే లారీ తెస్తున్నారు, పాప చదువుకు డబ్బులు రావాలి. బీడు ఊరికే ఉంచుకునే కాలం పోయింది. కానీ బత్తాయి మొక్క గొర్రె నోటికి అందనంత ఎత్తు ఎదగాలంటే ఇంచుమించు మూడేళ్లు. అప్పటిదాకా ఒక్క గొర్రె కూడా అందులో అడుగు పెట్టకూడదు. మరి మంద ఎక్కడికి పోవాలి? మిగతా కాపర్లు మందలను కృష్ణా నది వైపు వలస తోలుకుపోతారు, నెలల తరబడి రారు. మామ వయసుకు అది కాని పని. అమ్మేద్దాం నాయినా అన్నాడు మా ఆయన, మెల్లగానే. మామ అన్నం కలుపుతూ, వేయ్ రా తోట, అన్నాడు. గొర్ల మాట ఎత్తలేదు.

గుంతలు తవ్విన రోజు నేనూ వెళ్లాను. బీడంతా గుంతలే. మామ మందను చివర ఆపి నిలబడ్డాడు. ఒక గొర్రెపిల్ల కొత్త గుంత అంచున ఆడుతూ ఆడుతూ లోపల పడింది. మామ తాపీగా గుంతలోకి దిగి, దాన్ని చంకలో పెట్టుకొని, పైకి రాకుండా అక్కడే నిలబడిపోయాడు. నడుము దాకా గుంతలో ఉన్నాడు. పిల్ల చెవులు నిమురుతూ చుట్టూ చూస్తున్నాడు. నేను చెయ్యి ఇస్తే అప్పుడు పైకి వచ్చాడు. ఏమీ జరగనట్టు, గుంతలు మంచిగ తవ్విండ్రు, అన్నాడు.

ఆ పూట అన్నాల దగ్గర నేను చెప్పాను, నా మడిలో ఈసారి గడ్డి వేస్తున్నానని. ఇద్దరూ నా వైపు చూశారు. మంద ఎక్కడికీ పోదు, ఎక్కడా అమ్మేది లేదు, మూడేళ్లు ఇంటి ముందరే మేస్తుంది అన్నాను. ఆ మడి ఎవరిదని కూడా అడిగాను. నాదేనని అందరూ ఒప్పుకున్న మడి అది. నా దాంట్లో నేను ఏదైనా వేస్తాను.

"రోడ్డు పక్క జాగల గడ్డి పెంచుతరా ఎవరన్న?" అన్నాడు మా ఆయన.

ఎవరూ పెంచరు. అది నాకు తెలియక కాదు. వాడిపోయే కూరకు దగ్గరి నేల, ఎండినా నిలిచే గింజకు దూరం నేల, నడవగలిగే గొర్రెకు అందరికంటే దూరం నేల. పుట్టింట్లో సగం, మెట్టినింట్లో సగం నేర్చుకున్న లెక్క అది. ఆ లెక్కను తలకిందులు చేసి, ఊళ్లో అందరికంటే మంచి నేలలో, ట్రాలీ ఆటో ఆగే చోట, సగం గడ్డి జొన్న చల్లాను, సగం నేపియర్ గడ్డి కణుపులు పాతాను. ఆటోలో టమాట గంపలతో పోయేవాళ్లు మెడలు తిప్పి చూశారు. గడ్డి కట్టలు దేవరకొండకు ఎప్పుడు పంపుతున్నావని వేళాకోళం ఆడారు. మా అమ్మయితే ఫోన్లో నన్ను నానా మాటలూ అంది. అంత నేల చేతిలో ఉండి గడ్డి వేసేదాన్ని నా కడుపున ఎట్లా కన్నానో అంది. చివరికి మాత్రం మామ ఎట్లా ఉన్నాడని అడిగింది.

ఆ మూడేళ్లలో నేను కూర మీద బెంగ పెట్టుకోలేదని చెబితే అబద్ధం. పొద్దున ఆటో హారన్ వినబడగానే చేతులు ఊరుకునేవి కావు, ఏదో ఒకటి కోసి కట్ట కట్టాలనిపించేది. గట్టు మీద ఒక వరుస మెంతులు చల్లుకున్నాను, గొర్లు తాడు తెంపుకొని వచ్చి అదీ తిన్నాయి. వాటిని తిడుతుంటే మామ నా తిట్లు విని నవ్వుకునేవాడు. గడ్డి కోయడం ఆయనకు బాగా అలవాటైంది. కొడవలి పట్టుకొని వరుస వెంట వరుస కోసి, మంద ముందు వేసి, అవి నమిలే చప్పుడు వింటూ గట్టు మీద కూర్చునేవాడు. పాప బడి నుంచి రాగానే ఆయన దగ్గరికి ఉరికేది. లేత జొన్న గొర్లకు విషమని, కంకి తీసేదాకా ముట్టనియ్యొద్దని అది నాకు చెప్పేది, తాత నేర్పిన పాఠం.

బత్తాయి చెట్లు ఎదిగాయి. ఒకరోజు మా ఆయన తోట నుంచి వచ్చి, ఇక గొర్లు లోపలికి రావచ్చు, కొమ్మలు వాటి నోటికి అందవు, పైగా ఎరువు కూడా పడుతుంది అన్నాడు. ఆయన ముఖం చూస్తే ఈ కబురు తెచ్చినందుకు ఎంత సంతోషపడుతున్నాడో తెలిసింది. మామ నా వైపు తిరిగి, ఇక నీ మడి నీకు బిడ్డా, అన్నాడు. మరుసటి రోజే నేను జొన్న కోసేసిన సగాన్ని దున్నించాను. ధనియాలు తెప్పించి వాకిట్లో పరిచి, చెప్పు కింద మెల్లగా నలిపి, గింజను రెండు బద్దలు చేశాను. కొత్తిమీర అలా చల్లితేనే బాగా మొలుస్తుంది. ఆ వాసనకు నాకు పుట్టింటికి పోయినట్టే ఉంది.

మామ మందను తోలుకొని తోటకు బయల్దేరాడు. మధ్యాహ్నం కాకముందే ఎవరో బండి మీద ఎక్కించుకొని తెచ్చి దించారు. సగం దారిలో రాయి మీద కూర్చుండిపోయాడట, గొర్లు చెల్లాచెదురుగా మేస్తున్నాయట. ఎండ అన్నాడు. తర్వాతి రోజు మబ్బు పట్టింది. ఆ రోజు కూడా రాయి మీదే కూర్చున్నాడు. మోకాళ్లు. మూడేళ్లు ఇంటి ముందరే తిరిగిన మనిషికి ఆ దారి ఇంక కాలికి అందలేదు. మా ఆయన తోట పని వదిలి మంద వెంట పోలేడు, జీతగాణ్ణి పెడదామంటే మామ వద్దన్నాడు. మరో చేతి కింద ఆయన గొర్లు ఉండవట. రాత్రి నొప్పికి నూనె రాస్తుంటే, గట్లనే ఉంటది లే, అన్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున, నలిపిన ధనియాలు కొంగులో పోసుకొని మడికి వెళ్తే, రోడ్డు మీద ఒక వ్యాను ఆగి ఉంది. గొర్ల బేరగాడు దొడ్లోకి దిగి, ఒక్కో గొర్రె నడుము మీద చెయ్యి వేసి అదిమి చూస్తున్నాడు. మామ కర్ర మీద గడ్డం ఆనించి పక్కన నిలబడ్డాడు. ఒకప్పుడు గొర్లు దేవరకొండ దాకా నడిచిపోయేవి. ఇప్పుడు బేరమే నడిచి వచ్చింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గొర్లు అమ్మేవి కావని బేరగాడికి చెప్పాను. అతను మామ వైపు చూశాడు.

"నేనే పిలిచిన బిడ్డా," అన్నాడు మామ. "రోడ్డు వచ్చి అంగడి దగ్గరికొచ్చింది. నాకు గుట్ట దూరమైంది. మూడేండ్లు నీ మడి నా గొర్లకే పెడితివి. ఇగ నీ కూరలు నువ్వేసుకో."

తన మాట నిలబెట్టుకోవడానికి మందను అమ్ముకుంటున్నాడు. నా కొంగులో గింజలున్నాయి, వెనక దున్నిన నేల ఉంది. ఎన్నేళ్లు కాచుకున్నానో ఆయనకు తెలుసు. ఆ నేల మీద నాకున్న ఆశ ఇంతా అంతా కాదు, ఇప్పుడూ లేదని అనను. కానీ గొర్లు లేని పొద్దున ఆయన లేచి ఎక్కడికి పోతాడు?

"నా మడిల ఏమెయ్యాల్నో నాకు తెలుసు మామా," అన్నాను. "గడ్డే ఏస్తున్న. నువ్వు జర పక్కకు జరుగు, దున్నిన కాడ జొన్న చల్లాలె."

మామ తలకు చుట్టుకున్న రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. బేరగాడికి చాయ్ పోసి పంపాను. అతను మంచివాడే, ఆడమనిషి అడ్డుపడిన బేరం కలిసిరాదని మాత్రం అనుకుంటూ వెళ్లాడు. నలిపిన ధనియాలు విత్తనానికి ఎక్కువ రోజులు నిలవవు. వాటిని వేయించి పొడి కొట్టాను. ఆ నెలంతా మా ఇంట్లో ప్రతి కూరలోనూ కొంచెం ఎక్కువే పడింది.

ఊళ్లో ఆకుకూర ఇప్పుడు వేరేవాళ్లు వేస్తున్నారు. తెల్లారే ఆటోలో దేవరకొండకు పోతుంది, నాకు రెండు కట్టలు ఇచ్చి మరీ పోతారు. మా ఇంటి ముందర మాత్రం రోడ్డు అంచు దాకా పచ్చగా గడ్డి. మామ పొద్దున లేచి కొడవలి తీసుకొని అందులోకి పోతాడు. కోసినంత కోసి మందకు వేసి, గట్టు మీద కూర్చొని వాటితో మాట్లాడుతుంటాడు. వంట కాగానే నేను గుమ్మంలో నిలబడి అన్నానికి పిలుస్తాను. ఒక్క పిలుపుకే ఆయనకు వినబడుతుంది. అయినా రెండోసారి పిలిచేదాకా లేవడు.